బట్టమేకకు అభయారణ్యం ఉండి కూడా దక్కలేదు, కలివి కోడి కోసం కాలువనే మళ్లించారు: చట్టం పనిచేసేది ఎక్కడ?

ప్రశ్న (నంద్యాల అధ్యాపకుడు)

సభ్యులందరికీ నమస్కారం. నేను నంద్యాలలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధిస్తున్నాను. వన్యప్రాణుల రక్షణపై మా విద్యార్థులు ఒక వినతిపత్రం తయారుచేసి, శాసనసభ పిటిషన్ల కమిటీకీ అటవీశాఖకూ పంపాలని సంకల్పించారు. వారు రాసుకొచ్చిన మొదటి ప్రతిలో ఉన్న కోరికలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి: శిక్షలు పెంచాలి, జరిమానాలు పెంచాలి, కొత్త చట్టం తేవాలి. అది చదివినప్పటి నుంచి నాకొక సందేహం పట్టుకుంది.

మన రాయలసీమలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో 614 హెక్టార్ల గడ్డిభూమిని 1988లో ప్రధానంగా బట్టమేక పిట్ట కోసమే అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఎంత రక్షణ ఉందో దానికీ అంతే ఉంది. అయినా ఈ రోజు రోళ్లపాడు వెళ్లినవారికి కృష్ణజింకలు కనిపిస్తున్నాయి గాని బట్టమేక కనిపించడం లేదు. మరోవైపు కడప జిల్లాలోని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కూడా 1988లో ఏర్పడినదే. అక్కడ కలివి కోడి అనే అరుదైన పక్షి ఉన్నదన్న కారణంగా తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. చట్టం ఒకటే, రాష్ట్రం ఒకటే, కాలం కూడా దాదాపు ఒకటే. ఒకచోట నెగ్గిన చట్టం ఇంకొకచోట ఎందుకు ఓడిపోయింది? ఈ తేడా అర్థమైతే తప్ప వినతిపత్రంలో ఏమి అడగాలో తేలదని నాకు అనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు వివరించగలరు.

సమాధానం 1 (కడప పక్షి పరిశీలకుడు)

అధ్యాపకులవారికి నమస్కారం. కలివి కోడి గురించి తెలిసినంత వరకు చెబుతాను.

1848లో థామస్ జెర్డన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షి 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు కడప జిల్లా రెడ్డిపల్లి పరిసరాల్లో స్థానికుల సాయంతో దీనిని తిరిగి కనుగొన్నారు. పరిశోధకులకు ఎనభై ఏళ్లకు పైగా దొరకని పిట్టకు ఊరివాళ్ల నోట పేరు ఉండనే ఉంది. ఆ తరువాత రెండేళ్లకు అభయారణ్యం వచ్చింది.

అయితే అభయారణ్యం అని గెజిట్‌లో అచ్చు వేసినంత మాత్రాన కాలువ ఆగలేదు. కాలువను ఆపగలిగింది సాక్ష్యం. కలివి కోడి రాత్రిపూట తిరిగే పక్షి, పొదల మధ్య నేలమీదే పరుగెడుతుంది, వెలుతురు పడితే కదలకుండా నిలబడిపోతుంది. అటువంటి పక్షి ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వెళ్లి అడుగుజాడలు చూసేవారు. ఈ పక్షికి వెనకవేలు ఉండదు, ముందుకు చాచిన మూడు వేళ్ల గుర్తులే మట్టిలో పడతాయి. ఆ ముద్ర కొలతలను తీతువు వంటి ఇతర పక్షుల ముద్రలతో పోల్చి చూసి, ఇది కలివి కోడిదే అని నిర్ధారించేవారు. దానికి తోడు జంతువు ఎదురుగా వస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు, సంధ్యవేళ వినిపించే కూతల నమోదు ఉండేవి. ఈ విధంగా ఏ పొదల్లో పక్షి తిరుగుతోందో చూపించే పటం, కాలువ తవ్వే యంత్రాలు రాకముందే వారి చేతిలో ఉంది.

2005లో అనుమతి లేకుండా కాలువ తవ్వకం అభయారణ్యం పరిధిలోకి చొచ్చుకొచ్చినప్పుడు, ఆ పటమే అక్కరకు వచ్చింది. అటవీశాఖ పనులు ఆపించి కేసు పెట్టింది. సంస్థలు సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీని ఆశ్రయించాయి. చివరకు కాలువ దారిని మార్చడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 'పక్షులకు ఇబ్బంది కలుగుతుంది' అన్న మాట మీద ఏ కమిటీ అయినా ఒక తాగునీటి, సాగునీటి పథకాన్ని కదిలిస్తుందని నేను అనుకోను. ఫలానా తేదీన ఫలానా చోట అడుగుజాడ దొరికింది, కాలువ గీత దానిమీదుగా పోతోంది అని చెప్పగలిగారు కాబట్టే విన్నారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. కాలువ మళ్లినంత మాత్రాన పక్షి క్షేమంగా ఉన్నదని కాదు. పొదలు మరీ పలుచబడినా, మరీ దట్టంగా అల్లుకుపోయినా దానికి పనికిరాదు. ఎన్నో ఏళ్లపాటు దాని జాడే తెలియలేదు. 2025 ఆగస్టులో కొందరు పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారన్న వార్త వచ్చాకే మాలాంటివాళ్లకు ప్రాణం లేచి వచ్చింది. చట్టం యంత్రాన్ని ఆపింది, అంతవరకే.

సమాధానం 2 (హైకోర్టు న్యాయవాది)

ముందుగా విద్యార్థుల కోరికల పట్టిక గురించి. శిక్షలు ఇప్పటికే తక్కువేమీ కావు. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. మామూలు ఉల్లంఘనలకు ఉన్న జరిమానా గరిష్ఠ పరిమితిని 2022 సవరణ 25,000 నుంచి లక్ష రూపాయలకు పెంచింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నక్షత్ర తాబేలును నాలుగో షెడ్యూలు నుంచి మొదటి షెడ్యూలుకు చేర్చింది కూడా ఆ సవరణే. కాబట్టి 'శిక్షలు పెంచండి' అని రాసి పంపితే, పైవారు ఆ కాగితాన్ని సంతోషంగా తీసుకొని ఫైలులో పెట్టుకుంటారు. ఎవరికీ ఖర్చులేని కోరిక అది.

ఈ చట్టంలో పౌరుడి చేతికి ఇచ్చిన అసలు ఆయుధం సెక్షన్ 55. నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా, ఫిర్యాదు చేయబోతున్నట్టు ప్రభుత్వానికి గాని అధీకృత అధికారికి గాని అరవై రోజులకు తగ్గకుండా నోటీసు ఇచ్చి, ఆ తరువాత నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. నోటీసు అందగానే శాఖ కదలడం నేను చూశాను. కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం చాలాసార్లు రాదు. రెండవది సెక్షన్ 29. అభయారణ్యంలో ఆవాసాన్ని నాశనం చేయడం ఒక్కటే కాదు, అభయారణ్యంలోకి వచ్చే నీటిని గాని బయటికి పోయే నీటిని గాని మళ్లించడం, ఆపడం, పెంచడం కూడా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా కుదరదు. ఆ అనుమతి కూడా వన్యప్రాణుల మేలు కోసం అయితేనే, వన్యప్రాణి బోర్డును సంప్రదించాకే ఇవ్వాలి.

ఇక్కడే చాలామంది తడబడే విషయం ఒకటి చెబుతాను. పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ కోసం చేసిన 2010 నాటి చట్టం తన పరిధిలోకి తీసుకున్న ఏడు చట్టాల జాబితాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం లేదు. అటవీ సంరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం ఉన్నాయి. అందువల్ల కేవలం వన్యప్రాణి చట్ట ఉల్లంఘన మీద అక్కడికి వెళితే, మీ వాదన వినకముందే పరిధి ప్రశ్న ఎదురవుతుంది. రిట్ పిటిషన్‌తో హైకోర్టుకు రావాలి. మీ వినతిపత్రంలో శాసనపరమైన కోరిక ఒకటి ఉండాలనుకుంటే, ఆ జాబితాలో ఈ చట్టాన్ని చేర్చమని పార్లమెంటు సభ్యుల ద్వారా అడగండి. రాష్ట్ర శాసనసభ చేయగల పని కాదది.

ఇక బట్టమేక. 1972 చట్టం ముసాయిదా రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన ఎం.కె. రంజిత్‌సిన్హ్ గారే, దాదాపు ఐదు దశాబ్దాల తరువాత 2019లో, ఇదే పక్షి కోసం సుప్రీంకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకలు విద్యుత్ తీగలకు తగిలి చనిపోతున్నాయి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల ఎదురుగా ఉన్న సన్నని తీగ దానికి సరిగా కనబడదు. పెద్దది పదిహేను కిలోల వరకు తూగుతుంది కనుక, కనబడినా చప్పున పక్కకు తిరగలేదు. 2021 ఏప్రిల్‌లో కోర్టు దాదాపు 99,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో తీగలపై ఆంక్షలు విధించి, వీలున్నచోట భూగర్భంలో వేయాలని ఆదేశించింది. సౌరవిద్యుత్తుకు అడ్డం వస్తోందని ప్రభుత్వం అభ్యర్థించగా, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఆ తీర్పులోనే వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో గుర్తించింది. ఒక పక్షి కేసులో మనుషులకొక కొత్త హక్కు వచ్చింది. పక్షికి దక్కినది తగ్గింది.

అధ్యాపకులవారి ప్రశ్నకు నా జవాబు ఇది. కాలువ అనేది ఒక ఉత్తర్వు, ఒక కాంట్రాక్టు, ఒక పొక్లెయిను. దానిని ఆపమని ఫలానా అధికారిని ఆదేశించవచ్చు. రోళ్లపాడులో బట్టమేకను పోగొట్టిన మార్పుకు అటువంటి ప్రతివాది లేడు.

సమాధానం 3 (రోళ్లపాడు దాపున రైతు కుటుంబం)

న్యాయవాది గారు 'ప్రతివాది లేడు' అన్నారు. ఆ మాట వినడానికి బాగుంది గాని, ఊళ్లో మాత్రం ఆ ప్రతివాది మేమే అన్నట్టు చూశారు. కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

మా తాతల నాటికి ఈ చుట్టుపక్కల జొన్న, కొర్ర, వేరుశనగ వంటి వర్షాధార పంటలే. కోత అయ్యాక బీడు, గడ్డి, గొర్రెలు. బట్టమేక మా పొలాల్లోనే తిరిగేది, మిడతలను తినేది, ఎవరికీ ఏమీ పట్టేది కాదు. అభయారణ్యం 614 హెక్టార్లు అయితే, ఆ పక్షి తిరిగే నేల అంతకు ఎన్నో రెట్లు, అదంతా పట్టా భూములు, పోరంబోకు. తరువాత కాలువలు వచ్చాయి, అలగనూరు రిజర్వాయరు కింద నేల మునిగింది, నీరు వచ్చినచోట పంట మారింది. నీరు వచ్చాక జొన్నే వేయమని రైతుకు చెప్పగలిగే చట్టం ఏదీ లేదు, ఉండకూడదు కూడా. కంచె లోపల మేత ఆపేశారు. గొర్రె పడని గడ్డి నడుము ఎత్తు పెరిగింది. పొట్టి గడ్డిలో నాలుగు దిక్కులూ చూసుకుంటూ నడిచే పక్షికి అది అడవి అయి కూర్చుంది.

బట్టమేక పోయింది, కృష్ణజింకలు పెరిగాయి. కార్తీకంలో నల్లరేగడిలో శనగ విత్తి, మొలక నాలుగు ఆకులు వేసే వేళకు మంద రాత్రిపూట దిగుతుంది. మొక్కను పీకదు, తల కొరికి ముందుకు పోతుంది. తెల్లవారి చూస్తే సాలు వెంబడి మోళ్లు వరుసగా ఉంటాయి. అడవిపంది అయితే పంట నష్టం కారణంగా అనుమతి తెచ్చుకొనే దారి చట్టంలో ఉంది, ఎందుకంటే అది రెండో షెడ్యూలు. కృష్ణజింక మొదటి షెడ్యూలు. పంట తిన్నదన్న కారణం అక్కడ చెల్లదు. న్యాయమే, జింకను చంపాలని మేమూ అనడం లేదు. కానీ ఆ తలుపు మూసినప్పుడు పరిహారం తలుపు తెరిచి ఉండాలి కదా. ఒకసారి నష్టం రాయించుకోవడానికి ఫోటోలు, పాసుపుస్తకం నకలు పట్టుకొని ఒక కార్యాలయానికి వెళితే, 'పంట కోసే దశలో రండి' అన్నారు. మొలక దశలో తల పోయిన శనగ కోత దాకా ఎక్కడ ఉంటుంది?

మధ్యప్రదేశ్‌లోని కరేరా గురించి విద్యార్థులకు తప్పక చెప్పండి. 1981లో బట్టమేక కోసమే అభయారణ్యం చేశారు. హద్దుల్లో ఊళ్ల సొంత భూములు కలిశాయి, రైతులు తమ భూమిని తాము అమ్ముకోలేకపోయారు. పక్షి మీద ఊరికి పగ పుట్టింది. కొన్నేళ్లకే అక్కడ బట్టమేక లేకుండా పోయింది, రైతుల మీద ఆంక్షలు మాత్రం దశాబ్దాలపాటు మిగిలాయి. 'చట్టం ఓడిపోయింది' అనడం కంటే, చట్టం తప్పుడు మనిషి మీద గెలిచింది అనడం సరిగా ఉంటుంది.

ప్రశ్నకర్త నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. రైతు మిత్రులు రాసినది చదివాక విద్యార్థులు 'శిక్షలు' అన్న పేజీని పక్కన పెట్టారు. ఇప్పుడు వారి ప్రశ్న మరొకటి. అభయారణ్యం హద్దులు పెంచమని అడిగితే కరేరా కథే పునరావృతం అవుతుంది. అడగకపోతే మిగిలిన గడ్డిభూములు సౌరవిద్యుత్తు పార్కులకో ప్లాట్లకో పోతాయి. 2002 సవరణ ద్వారా వచ్చిన కమ్యూనిటీ రిజర్వు, అంటే భూమి యజమానులో గ్రామ సమాజమో తమ ఇష్టంతో ఇచ్చే రక్షిత ప్రాంతం, మధ్యేమార్గం అవుతుందా? రైతులు ఒప్పుకుంటారా?

సమాధానం 4 (రోళ్లపాడు దాపున రైతు కుటుంబం)

పేరు చూసి ఎవరూ ఒప్పుకోరు. భూమి అమ్ముకోవచ్చా, బ్యాంకు అప్పు పుడుతుందా, బోరు వేసుకోవచ్చా: ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఉంటే వింటారు. వర్షాధారంగా జొన్న, కొర్ర వేసే రైతుకు ఎకరానికి ఇంత అని ఏటా ఇస్తామంటే ఇంకా శ్రద్ధగా వింటారు. గొర్రెల కాపరులను కూడా పిలవండి, వాళ్లను ఎవరూ పిలవరు.

సమాధానం 5 (హైకోర్టు న్యాయవాది)

పై మిత్రులు వేసిన మూడు ప్రశ్నలూ సరైనవే, వాటికి చట్టంలో ఉన్నంత మేరకు చెబుతాను. సెక్షన్ 36సి కింద కమ్యూనిటీ రిజర్వు ప్రకటించాలంటే, ఆ భూమి యజమాని లేదా గ్రామ సమాజం తమంతట తాము ముందుకు రావాలి, బలవంతం లేదు. ఇది అభయారణ్యానికీ దీనికీ ఉన్న మొదటి తేడా. నిర్వహణ కమిటీలో గ్రామ పంచాయతీ నామినేట్ చేసిన ప్రతినిధులు కనీసం ఐదుగురు, అటవీశాఖ ప్రతినిధి ఒకరు ఉంటారు. అధ్యక్షుణ్ణి కమిటీయే ఎన్నుకుంటుంది, ఆయనే ఆ రిజర్వుకు గౌరవ వన్యప్రాణి వార్డెన్. భూమి అమ్మకంపై ఈ సెక్షన్ నిషేధం పెట్టలేదు. అయితే ఒకసారి ప్రకటించాక భూవినియోగాన్ని మార్చాలంటే కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. రైతులు సంతకం పెట్టకముందే ఈ షరతును వారికి చదివి వినిపించండి. దాచిపెట్టి తెచ్చుకున్న అంగీకారం మొదటి కరువు ఏడాదికే చెడుతుంది.

ప్రభుత్వ భూమి విషయం వేరు. గడ్డిభూములు రెవెన్యూ రికార్డుల్లో చాలావరకు బంజరు కిందనే ఉంటాయి. ఆ కారణంగానే పరిశ్రమలకూ సౌర పార్కులకూ ముందుగా కేటాయించేది వాటినే. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు ఏర్పడిన జిల్లా మనది. సౌర ఫలకాల ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అవసరం లేదు, అంటే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. పక్షి ఉందో లేదో అడిగే సందర్భమే రాదు. సౌరవిద్యుత్తు వద్దని నేను అనను. ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు ఎవరో ఒకరు వెళ్లి చూడాలని మాత్రం అంటాను. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగవలసిన కోరిక ఇది: రోళ్లపాడు చుట్టూ మిగిలిన ప్రభుత్వ గడ్డిభూములను సర్వే నంబర్లతో సహా గుర్తించి, సెక్షన్ 36ఎ కింద కన్జర్వేషన్ రిజర్వుగా పరిశీలించాలి. ఈ సెక్షన్ అభయారణ్యాలకు ఆనుకొని ఉన్న ప్రభుత్వ భూములను ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది, స్థానికులను సంప్రదించాలని కూడా చెబుతుంది.

వినతిపత్రాలు చెత్తబుట్టకే పోతాయని విద్యార్థులు నిరుత్సాహపడనక్కరలేదు. 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన వన్యప్రాణి సవరణ బిల్లు, జైరాం రమేశ్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు వెళ్లింది. షెడ్యూళ్లలో ఏ జాతి తప్పిపోయిందో, ఏది తప్పు చోట పడిందో సంస్థలూ నిపుణులూ రాసి పంపారు, సంఘం తన నివేదికలో వాటిని చర్చించింది. అన్నీ నెగ్గలేదు. పెంపుడు ఏనుగులను 'మతపరమైన లేదా మరే ఇతర ప్రయోజనం' కోసమైనా తరలించడానికి వీలిచ్చే మాటలు అభ్యంతరాల మధ్యనే చట్టంలోకి వచ్చాయి. అయినా, జాతి పేరు, షెడ్యూలు సంఖ్య, ప్రతిపాదిత పదజాలం రాసి పంపినవారికి జవాబు చెప్పక తప్పలేదు.

విద్యార్థులు చేయవలసిన మొదటి పని కూడా అదే కోవకు చెందినది. కడప మిత్రులు చెప్పినట్టు పటం తయారుచేయండి: సర్వే నంబరు, అడంగల్‌లో ఏమని ఉంది, ఇప్పుడు నేలమీద ఏమి ఉంది, ఏ నెలలో ఏ పక్షి, ఏ జంతువు కనిపించింది, ఎవరి గొర్రెలు మేస్తున్నాయి. రికార్డుల నకళ్లకు తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పంట నష్టానికి మొలక దశలోనే అంచనా వేయాలన్న రైతు మిత్రుల కోరికను వినతిపత్రంలో మొదటి అంశంగా పెట్టండి, గడ్డిభూమిని రెండవదిగా పెట్టండి. చిత్తుప్రతి ఇక్కడ ఉంచితే సెక్షన్లు నేను సరిచూస్తాను.